గుట్టు – ఇల్లడ సొమ్ము

తెలుగులో రహస్యం వేరు, గుట్టు వేరు. రహస్యం అన్న మాట వినగానే దాని వెనుక ఏదో భయమో, కుట్రయో, అపరాధమో ఉన్నదేమోనన్న అనుమానం కలుగుతుంది. గుట్టు అన్న మాటలో ఆ అనుమానం లేదు. అందులో ఉన్నది మర్యాద. చాలీచాలని ఆదాయంతో పిల్లలను చదివించుకొంటూ, అప్పుల సంగతి వీధిన పడకుండా కాలం గడుపుకొనే గృహస్థుని చూచి, 'గుట్టుగా సంసారం నెట్టుకొని వస్తున్నాడు' అని మెచ్చుకొంటాము. అతడు దాచిన నేరమేమిటని ఆరా తీయము. లంకవంటి లంకయే ఇంటిగుట్టు బయటపడి చెడినదని సామెత. పెదవి దాటిన మాట పృథివి దాటుతుందని మరియొక సామెత. గుట్టు విలువ మన భాషకు కొత్తగా ఎవరో నేర్పవలసినది కాదు.

ఈ గుట్టునే నేటి న్యాయశాస్త్రం గోప్యత అంటున్నది. గోప్యత, వ్యక్తిగత సమాచార రక్షణ అనే మాటలు ఇటీవల పత్రికలలో తరచుగా కనబడుతున్నవి. వాటిని చదివిన పెక్కుమంది వేసే ప్రశ్న ఒక్కటే: తప్పు చేయని వానికి దాచుకోవలసిన అవసరమేమి? దీనికి సమాధానం గుట్టు అనే మాటలోనే ఉన్నది. వైద్యునికి చెప్పుకొన్న వ్యాధి నేరం కాదు. బ్యాంకులో కుదువ పెట్టిన నగ నేరం కాదు. ఫీజు కట్టలేక గడువు అడిగిన తండ్రి నేరస్థుడు కాడు. ఓటు ఎవరికి వేసినదీ చెప్పకపోవడం నేరం కాదు. చెప్పనక్కరలేదన్న భరోసా ఉన్నందువల్లనే ఆ ఓటు స్వేచ్ఛగా పడుతున్నది. అయినను ఈ సంగతులను నలుగురిలో చాటితే మనిషి తలవంచుకొనవలసి వస్తుంది. గోప్యత దొంగకు ముసుగు కాదు; మర్యాదస్థునికి మేలుకట్టు కూడ కాదు. అది అతని ఇంటి తలుపు.

అయితే తలుపు మూసుకొని లోకంలో బ్రతుకలేము. వైద్యునికి వ్యాధి చెప్పక తప్పదు, బ్యాంకుకు ఆదాయం చెప్పక తప్పదు, రేషను కార్డుకు కుటుంబ వివరాలు ఇవ్వక తప్పదు. ఇచ్చిన పిమ్మట ఆ వివరం ఎవరిది? ఇచ్చినవానిదా, పుచ్చుకొన్నవానిదా? నేటి వివాదమంతయు ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నది.

మన పూర్వులు ఊరు విడిచి పోయేటప్పుడు నగలనో, పైకాన్నో నమ్మకస్థుని ఇంట ఉంచి పోయేవారు. దానిని ఇల్లడ పెట్టడం అనేవారు. సంస్కృతంలో న్యాసమనీ, నిక్షేపమనీ పేర్లు. ఇల్లడ పుచ్చుకొన్నవానికి దానిని కాపాడే బాధ్యత ఉన్నదే గాని అనుభవించే హక్కు లేదు. తాను ధరించరాదు, మరొకరికి ఎరువు ఇవ్వరాదు, అడిగిననాడు లేదనరాదు. మనం కార్యాలయాలకు, కంపెనీలకు ఇచ్చే వివరాలు ఇట్టి ఇల్లడ సొమ్మే. వారు దానిని కానుకగా ఎంచినప్పుడే చిక్కులు మొదలవుతున్నవి.

వెనుకటి రోజులలో గ్రామంలో కరణానికి భూమి సంగతి తెలుసు, షావుకారుకు అప్పు సంగతి తెలుసు, వైద్యునికి జబ్బు సంగతి తెలుసు, బడిపంతులుకు పిల్లవాని చదువు సంగతి తెలుసు. ఈ నలుగురి లెక్కలు నాలుగు చోట్ల ఉండేవి. వాటిని ఒక్కచోట చేర్చి కుట్టే సూది లేదు. నేడు ఆ సూది వచ్చినది. బట్టల దుకాణంలో బిల్లు వేయడానికి ఫోను నెంబరు అడుగుతారు. రక్తపరీక్షకు పోతే అదే నెంబరు, బ్యాంకుకు పోతే అదే నెంబరు, రైలు టికెట్టుకు అదే నెంబరు. ఆ నెంబరు దారమైనది; విడివిడిగా ఉన్నప్పుడు అల్పంగా కనబడే వివరాలను అది దండగా గుచ్చుతున్నది. ఒక్కొక్కటిగా చెప్పినప్పుడు మనకు నష్టం తోచదు. అన్నీ కలిసిన పిమ్మట మన సంగతి మనకంటె ఎదుటివానికే ఎక్కువగా తెలుస్తుంది.

ఒక పనికి ఇచ్చిన వివరం మరొక పనికి వాడితే ఎంత ప్రమాదం వస్తుందో చెప్పడానికి చరిత్రలో ఘోరమైన దృష్టాంతం ఒకటి ఉన్నది. రెండవ ప్రపంచ యుద్ధానికి ముందే నెదర్లాండ్స్ దేశంలో పౌరుల పట్టికలు చక్కగా ఉండేవి. ప్రతి మనిషికి ఒక కార్డు. దానిపై పేరు, పుట్టిన తేదీ, చిరునామా, మతం. పరిపాలన సౌకర్యం కొరకు నిజాయితీపరులైన గుమాస్తాలు శ్రద్ధగా వ్రాసిన కార్డులవి. 1940 మే నెలలో జర్మనీ ఆ దేశాన్ని ఆక్రమించినది. నాజీలకు యూదుల ఇండ్లు వెదకే శ్రమ తగ్గినది. చిరునామాలు బీరువాలలో సిద్ధంగా ఉన్నవి. ఆ దేశంలోని సుమారు 1,40,000 మంది యూదులలో లక్షకు పైగా హతులైనారు.

1943 మార్చి 27వ తేదీ రాత్రి ప్రతిఘటన వీరులు కొందరు పోలీసు దుస్తులు ధరించి, ఆమ్‌స్టర్‌డామ్ నగరంలోని పౌరపట్టికల కార్యాలయంలో ప్రవేశించి నిప్పు పెట్టినారు. మంటలు ఆర్పవచ్చిన అగ్నిమాపక దళంవారు కూడ కావాలని ఆలస్యం చేసి, అవసరానికి మించి నీరు చల్లి, కార్డులను మరికొంత పాడు చేసినారని చెబుతారు. అయినను దట్టంగా పేర్చిన కార్డులు సులభంగా కాలవు. అధిక భాగం మిగిలిపోయినది. ఆ సాహసానికి శిక్షగా 1943 జూలైలో 12 మందిని కాల్చి చంపినారు. ఆ కార్డులు వ్రాసిన గుమాస్తాలకు ఎవరిమీదను ద్వేషం లేదు. మతం అనే గడి ఎందుకు అవసరమని మాత్రం వారు అడుగలేదు. మంచి ప్రభుత్వం చేతిలో ఉన్న పట్టిక రేపు ఎవరి చేతికి పోతుందో పట్టిక వ్రాసేవానికి తెలియదు. కనుక అవసరం లేని వివరాన్ని అడుగకపోవడమే మొదటి రక్షణ.

ఈ సందర్భంలో మన దేశపు జనగణన చట్టాన్ని స్మరించుట ఉచితం. అది 1948 నాటిది. జనగణన అధికారి వ్రాసుకొన్న వివరాలను తనిఖీ చేసే హక్కు ఎవరికీ లేదని దాని 15వ సెక్షను చెబుతున్నది. ఆ చట్టం క్రింది నేరాలకు తప్ప మరి ఏ వ్యాజ్యంలోను అవి సాక్ష్యంగా చెల్లవు. వివరాలు బయటపెట్టిన అధికారిని శిక్షించడానికి కూడ అందులో వీలున్నది. ఇది అక్షరాలా ఇల్లడ ధర్మమే. ఇంటింటికి తిరిగి ఈ లెక్కలు వ్రాసేవారిలో ఉపాధ్యాయులే అధికులు. 2021లో జరుగవలసిన జనగణన వాయిదా పడి 2027కు నిర్ణయమైనది. దానికి కాగితానికి బదులు మొబైల్ పరికరాలు వాడవలెనని ఏర్పాటు. గృహస్థు తలుపు తీసి కులం, చదువు వివరాలు చెప్పేది ఆ పరికరాన్ని చూచి కాదు. ఎదుట నిలిచిన మాస్టారి ముఖం చూచి.

గోప్యత మన దేశంలో రాజ్యాంగపు హక్కుగా స్థిరపడిన కథలో తెలుగువారికి చెప్పుకోదగిన పాత్ర ఉన్నది. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే వ్యక్తిని 1941లో ఒక దోపిడీ కేసులో అనుమానించి, సాక్ష్యం లేక విడిచిపెట్టినారు. కాని పోలీసులు అతని పేరిట హిస్టరీ షీటు తెరచినారు. రాత్రివేళ వచ్చి తలుపు తట్టి లేపేవారు. అతని రాకపోకలు, ఆదాయవ్యయాలు, స్నేహాలు వ్రాసుకొనడానికి పోలీసు నిబంధనలలో వీలున్నది. అతడు సుప్రీంకోర్టును ఆశ్రయించినాడు. 1962 డిసెంబరులో తీర్పు చెప్పిన ఆరుగురు న్యాయమూర్తులలో అధిక సంఖ్యాకులు, రాత్రి ఇంటికి వచ్చి లేపే నిబంధనను మాత్రం కొట్టివేసి, గోప్యత అనే హక్కు మన రాజ్యాంగంలో లేదన్నారు. రాజమహేంద్రవరంలో పుట్టి, 1954లో గుంటూరున వెలసిన ఆంధ్ర హైకోర్టుకు ప్రథమ ప్రధాన న్యాయమూర్తియైన కోకా సుబ్బారావు గారు దీనితో ఏకీభవించలేదు. న్యాయమూర్తి జె. సి. షా గారు ఆయన పక్షాన నిలిచినారు. నిఘా కన్నుల నడుమ తిరిగే మనిషి కాళ్లకు సంకెళ్లు లేకపోయినను స్వేచ్ఛగా తిరుగుతున్నట్లు కాదనీ, గోప్యత వ్యక్తిస్వేచ్ఛలో అంతర్భాగమేననీ, ఆ నిబంధన యావత్తు చెల్లదనీ సుబ్బారావు గారి అభిప్రాయం. నాడది అల్పసంఖ్యాకుల మాటగా మిగిలినది.

తరువాతి ఘట్టం హైదరాబాదుది. 1899 నాటి స్టాంపుల చట్టంలోని 73వ సెక్షనును ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1986లో సవరించినది. దాని ప్రకారం స్టాంపు సుంకం ఎగవేసిన పత్రాలున్నవని తోచితే, కలెక్టరు అధికారమిచ్చిన ఏ వ్యక్తియైనను బ్యాంకులోనికి వచ్చి, ఖాతాదారుల పత్రాలు చూచి, వ్రాసుకొని, పట్టుకొని పోవచ్చును. బ్యాంకులు హైకోర్టుకు పోయినవి. హైకోర్టు ఆ సవరణను కొట్టివేసినది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు పోయినది. కెనరా బ్యాంకు కేసుగా ప్రసిద్ధమైన ఈ వ్యాజ్యంలో 2004లో సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పునే నిలిపినది. అందులోని సారాంశం మన ప్రశ్నకు సూటియైన సమాధానం: గోప్యత చోటుకు సంబంధించినది కాదు, మనిషికి సంబంధించినది, పత్రం ఖాతాదారుని ఇంటినుండి బ్యాంకుకు చేరినంత మాత్రాన దాని గుట్టు పోదు. ఇల్లడ పెట్టిన సొమ్ము ఇల్లడ పెట్టినవానిదే అని దీని అర్థం.

ఆధార్ సంఖ్యపై కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె. ఎస్. పుట్టస్వామి గారు 2012లో వేసిన వ్యాజ్యంలో పాత చర్చ మరల లేచినది. గోప్యత ప్రాథమిక హక్కు కాదని ప్రభుత్వం 1954, 1962 తీర్పులను చూపినది. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా, గోప్యత ప్రాథమిక హక్కేనని ప్రకటించి, 55 ఏండ్లనాటి సుబ్బారావు గారి భిన్నాభిప్రాయమే సరియైనదని అంగీకరించినారు. మరుసటి ఏడు, 2018 సెప్టెంబరులో, సంక్షేమ పథకాలకు ఆధార్‌ను అనుమతిస్తూనే, బ్యాంకు ఖాతాకు, ఫోను కనెక్షనుకు దానిని తప్పనిసరి చేయడం చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. పాఠశాల ప్రవేశానికి కూడ ఆధార్ తప్పనిసరి కాదని ఆ తీర్పులోనే ఉన్నది. 2019లో చట్టాన్ని సవరించి, స్వచ్ఛందంగా ఇచ్చేవారి విషయంలో బ్యాంకులకు, టెలిఫోను కంపెనీలకు వీలు కల్పించినారు.

హక్కు తీర్పులో ఉన్నంత మాత్రాన కార్యాలయపు బల్లమీదికి రాదు. 2017 మే నెలలో బెంగుళూరులోని ఒక పరిశోధన సంస్థ, సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ, నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లను పరిశీలించి నివేదిక ప్రకటించినది. వానిలో రెండు ఆంధ్రప్రదేశ్‌కు చెందినవి: ఉపాధి హామీ చెల్లింపులది ఒకటి, చంద్రన్న బీమాది ఒకటి. ఈ నాలుగింటిలో కలిపి సుమారు 13 కోట్ల మంది ఆధార్ సంఖ్యలు, పెక్కుచోట్ల బ్యాంకు ఖాతా వివరాలతో సహా, ఎవరికైనను కనబడే విధంగా ఉన్నవని ఆ నివేదిక అంచనా. ఎవడో దొంగ గోడకు కన్నం వేసిన ఫలితం కాదిది. ఇంటివారే తలుపు తెరచి ఉంచినారు.

ఇచ్చట న్యాయమైన సందేహం ఒకటి పుడుతుంది. ప్రభుత్వపు లెక్కలు ప్రజలకు తెలియవద్దా? తప్పక తెలియవలెను. ఉపాధి హామీ పనులపై ఊరివారి సమక్షంలో మస్టరు రోలు చదివి వినిపించే సామాజిక తనిఖీలో ఆంధ్రప్రదేశ్ దేశానికి మార్గదర్శకమైనది. ఫలానా కూలీకి ఇన్ని రోజుల పని, ఇంత సొమ్ము అని గట్టిగా చదివినప్పుడే, పని చేయని పేర్లు, ముట్టని కూలి బయటపడుతున్నవి. అయితే ఆ దొంగలెక్క పట్టుకొనడానికి పేరు, రోజులు, మొత్తం చాలును. కూలీ ఖాతా నెంబరు, ఆధార్ సంఖ్య అక్కరలేదు. ప్రజాధనం గురించిన లెక్క ప్రజలది. మనిషి గురించిన వివరం మనిషిది. ఈ రెంటి నడుమ గీత గీయడం తెలిసినవాడే మంచి అధికారి. గోప్యత పేరు చెప్పి మస్టరు రోలు దాచినా తప్పే, పారదర్శకత పేరు చెప్పి ఖాతా నెంబరు చాటినా తప్పే.

ప్రైవేటు సంస్థల పద్ధతి వేరు. ప్రభుత్వం చట్టం చూపి అడుగుతుంది. కంపెనీ ఉచితమని చెప్పి అడుగుతుంది. యాప్ ఉచితం, ఆట ఉచితం, రాయితీ ఉచితం. నిలువెత్తు నిబంధనల క్రింద 'అంగీకరిస్తున్నాను' అనే గడి. చదువక నొక్కిన ఆ వ్రేలిముద్ర సమ్మతి అవుతుందా? పార్లమెంటు 2023 ఆగస్టులో ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం దీనికి కొంత సమాధానం చెప్పినది. సమ్మతి స్వేచ్ఛగా, తెలిసి, నిర్దిష్టమైన పనికి ఇచ్చినదై ఉండవలెను. ఆ పనికి కావలసిన వివరం వరకే అది చెల్లుతుంది. చట్టంలోనే ఒక ఉదాహరణ ఉన్నది. ఫోనులో వైద్యసలహా ఇచ్చే ఒక యాప్, రోగి వివరాలతో పాటు అతని ఫోనులోని పేర్ల జాబితాను కూడ అడిగినది. అతడు రెంటికీ సరేనన్నాడు. అయినను వైద్యానికి ఆ జాబితా అవసరం లేదు గనుక, ఆ మేరకు సమ్మతి చెల్లదు. వివరాల భద్రతకు తగిన జాగ్రత్త తీసుకొనని సంస్థపై 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించవచ్చును. దీనికి నియమావళి 2025 నవంబరులో వెలువడినది. ముఖ్య నిబంధనలు అమలులోనికి రావడానికి అప్పటినుండి 18 నెలల గడువు ఇచ్చినారు.

ఈ చట్టంపై విమర్శ లేకపోలేదు. దేశభద్రత మొదలైన కారణాలు చూపి కేంద్రం తనకు తోచిన ప్రభుత్వ సంస్థను చట్టంనుండి మినహాయించవచ్చును. తప్పులు విచారించవలసిన బోర్డు సభ్యులను నియమించేది కూడ కేంద్రమే. సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత వివరాలను గూర్చిన నిబంధనను మరింత బిగించినారు. దీనిచేత అధికారుల అక్రమాలు వెలికితీయడం కష్టమవుతుందని ఆ హక్కు కొరకు పనిచేసేవారి ఆందోళన. అందరికంటె ఎక్కువ ఇల్లడ సొమ్ము పుచ్చుకొన్నది ప్రభుత్వమే గనుక, అందరికంటె గట్టి కట్టుబాటు కూడ దానికే ఉండవలెననడం అన్యాయం కాదు.

ఇక పాఠశాల సంగతి. కార్యాలయాలు, కంపెనీలు అని మనం దూరంగా చూస్తున్నది మన ప్రధానోపాధ్యాయుని బీరువాలో కూడ ఉన్నది. పిల్లవాని కులం, మతం, తండ్రి ఆదాయం, తల్లి ఫోను నెంబరు, జబ్బు, మార్కులు, గైరుహాజరుకు కారణం – ఇన్ని గుట్టులు ఒక్కచోట ఉండే స్థలం గ్రామంలో మరియొకటి లేదు. 18 ఏండ్లు నిండనివారిని కొత్త చట్టం పిల్లలుగానే లెక్కించినది. వారి వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి కావలెననీ, వారి నడవడిని వెంటాడి ప్రకటనలు చూపరాదనీ విధించినది. విద్యాబోధనకు, పిల్లల క్షేమానికి మాత్రం విద్యాసంస్థలకు కొంత సడలింపు ఇచ్చినది. సడలింపు నమ్మకానికి గుర్తు. అది బాధ్యతను పెంచుతుందే గాని తగ్గించదు. విద్యార్థులకు ఇచ్చే 12 అంకెల అపార్ సంఖ్యకు తల్లిదండ్రుల సమ్మతిపత్రం తీసుకొనే పని పాఠశాలపైనే పడినది. సమ్మతి అన్నప్పుడు కాదనే స్వేచ్ఛ కూడ అందులో చేరి ఉన్నది. పత్రం చదివి వినిపించి, సందేహం తీర్చి సంతకం తీసుకొనడం వేరు. రేపటిలోగా సంతకం తెమ్మని పిల్లవానిని గద్దించడం వేరు.

చట్టపు పుస్తకం తెరవకుండానే ఉపాధ్యాయుడు పాటించదగిన నియమాలు కొన్ని ఉన్నవి. ఈ వివరం ఏ పనికని అడిగి, పని తెలియని గడిని ప్రశ్నించడం మొదటిది. స్కాలర్‌షిప్‌కు ఇచ్చిన కుల ధ్రువపత్రాన్ని స్కాలర్‌షిప్‌కే వాడడం రెండవది. ఫీజు బాకీదారుల పేర్లు తరగతిలో చదువకపోవడం మూడవది. మార్కుల పట్టికను ఫొటో తీసి తల్లిదండ్రులందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టక, ఎవరి మార్కులు వారికే చెప్పడం నాలుగవది. విద్యార్థులు కూడ తోటివాని ఫొటోను, ఫోను నెంబరును అతనిని అడుగక మరొకరికి పంపరాదని నేర్చుకొనవలెను.

ఇందులో మనకు తెలియని కొత్త ధర్మమేదీ లేదు. పూర్వం పదవ తరగతి ఫలితాలు పత్రికలలో అచ్చయ్యేటప్పుడు పేర్లు ఉండేవి కావు, హాల్‌టికెట్టు సంఖ్యలే ఉండేవి. ఉత్తీర్ణుడైనవాడు తన సంఖ్య చూచుకొని సంతోషించేవాడు. తప్పినవాని సంఖ్య అందులో ఉండేది కాదు. లేదన్న సంగతి ఆ సంఖ్య తెలిసినవారికి తప్ప ఊరికి తెలిసేది కాదు. లక్షల ప్రతులు అమ్ముడుపోయిన పత్రికలో కూడ ఆ పిల్లవాని గుట్టు భద్రంగా ఉండేది. ఆ రాత్రి ఇంటిలో అమ్మతో ఏమి చెప్పవలెనో నిర్ణయించుకొనే అధికారం ఇంకను అతనిదే.